ఎ112 అబార్త్ మినీకి కాపీ కాదు, ఫియట్ 127కి తమ్ముడు అంతకంటే కాదు

పాత కార్ల పిచ్చి ఉన్నవాళ్ల గ్రూపుల్లో ఒక పోస్ట్ మళ్లీ మళ్లీ తిరుగుతోంది. ఎర్ర రంగు, నల్ల బానెట్, బుల్లి ఇటాలియన్ కారు ఫొటో. కింద రాసిందేంటంటే, ఆటోబియాంకి ఎ112 అబార్త్ అంటే మినీ కూపర్‌కి ఇటలీ కాపీ, లోపల ఉన్నదంతా తోక కోసిన ఫియట్ 127, అబార్త్ (మామూలు కార్లని రేసు కార్లలా మార్చే ఇటలీ కంపెనీ) అనేది ఉత్త స్టిక్కర్, ఊరూ పేరూ లేని కంపెనీ కాబట్టి ఎవరూ కొనలేదు, పైగా తుప్పు డబ్బా. లైకులు బోలెడు. చూసినప్పుడల్లా పోనీలే అనుకునేవాణ్ని, ఇవాళ మా కజిన్ కూడా ఫార్వర్డ్ చేశాడు, ఇక లాభం లేదు.

మినీ సంగతి ముందు చూద్దాం. పోటీ మినీతోనే, అది ఎవరూ దాచలేదు. ఇన్నోచెంటి వాళ్లు, అదేనండీ లాంబ్రెట్టా స్కూటర్ కంపెనీ, 1965 నుంచి మిలాన్‌లోనే మినీని లైసెన్స్ మీద తయారుచేసి అమ్ముతుంటే ఆటోబియాంకిలో భాగస్వామి అయిన ఫియట్ చూస్తూ ఊరుకుంటుందా? కానీ పోటీకి దిగడం వేరు, కాపీ కొట్టడం వేరు. బానెట్ ఎత్తితే తెలిసిపోతుంది. 1959 మినీలో దాని డిజైనర్ ఇస్సిగోనిస్ ఇంజన్‌ని అడ్డంగా పెట్టి గేర్‌బాక్స్‌ని దాని కిందే, సంపులో, అంటే ఇంజన్ ఆయిల్ ఉండే తొట్టిలో ఇరికించాడు. ఇంజన్‌కీ గేర్లకీ కలిపి ఒకటే ఆయిల్. గొప్ప తెలివే, కాదనను, కాకపోతే గేర్ పళ్లు నమిలిన ఆయిల్‌తోనే ఇంజన్ కూడా బతకాలి. ఫియట్‌లో ఇంజనీర్ దాంతే జకోసా అలా కాకుండా, గేర్‌బాక్స్‌ని ఇంజన్ పక్కనే అదే వరసలో పెట్టించాడు. దానివల్ల చక్రాలకి వెళ్లే షాఫ్టుల్లో ఒకటి పొడుగు, ఒకటి పొట్టి అయ్యాయి, అయినా కారు నడిచింది. ఫియట్ వాళ్లు ఈ అమరికని మొదట రోడ్డెక్కించింది 1964లో, తమ పేరు మీద కాదు, ఆటోబియాంకి ప్రిములాలో. ఆ ప్రిములాకి ఇంజన్ ఫియట్ 1100డి నుంచి వచ్చింది, అంటే మన ప్రీమియర్ పద్మిని చుట్టమే. ఎ112లోనూ ఇదే పద్ధతి. మీ వీధి చివర మెకానిక్‌ని అడగండి, మారుతి 800కి ఇంజన్ ఆయిల్ వేరు, గేర్ ఆయిల్ వేరు అంటాడు. మన 800 నడిచింది కూడా మినీ దారిలో కాదు, ప్రిములా దారిలో.

ఇక 127. ఇక్కడ క్యాలెండర్ చూస్తే చాలు. ఎ112 టూరిన్ మోటార్ షోలో కనిపించింది 1969లో. ఫియట్ 127 వచ్చింది 1971లో. రెండేళ్ల తర్వాత పుట్టినదాని తోక ముందే ఎలా కోస్తారో ఆ పోస్ట్ రాసినాయనే చెప్పాలి. 850 స్పోర్ట్‌లో వెనక ఉండే 903 సీసీ ఇంజన్‌ని ముందుకు తెచ్చి అడ్డంగా పెట్టింది ముందు ఎ112లో, తర్వాతే 127లో. వెనక పెద్ద తలుపు ఎ112కి మొదటి రోజు నుంచీ ఉంది, 127కి 1972లో గానీ రాలేదు. అసలు ఆటోబియాంకి ఉన్నదే అందుకు. 1955లో సైకిళ్ల బియాంకి, టైర్ల పిరెల్లి, ఫియట్ ముగ్గురూ కలిసి పెట్టిన కంపెనీ అది, ఫ్యాక్టరీ మిలాన్ పక్కన దేసియోలో. కొత్త ప్రయోగమేదైనా ఆ పేరు మీద వదిలితే, హిట్టయితే ఫియట్ తీసుకుంటుంది, ఫట్టయితే పోయేది ఆటోబియాంకి పరువే. ఇల్లరికపు అల్లుడి బతుకు.

స్టిక్కర్ అన్న మాటకి మాత్రం నాకు నిజంగా కోపం వచ్చింది. మామూలు ఎ112కి 44 హార్స్‌పవర్. 1971 అబార్త్‌లో పిస్టన్ స్ట్రోక్‌ని, అంటే అది పైకీ కిందకీ కదిలే దూరాన్ని, 68 మిల్లీమీటర్ల నుంచి 74కి పెంచారు, దాంతో 982 సీసీ అయింది, కంప్రెషన్ పెంచారు, రెండు గొంతుల వెబర్ కార్బురేటర్ పెట్టారు, పవర్ 58కి ఎక్కింది. 1975లో బోర్, అంటే సిలిండర్ వెడల్పు, కూడా 67.2 మిల్లీమీటర్లకి పెంచి 1050 సీసీ, 70 హార్స్‌పవర్ చేశారు. బండి బరువు చూస్తే 700 కిలోల దగ్గర. మిలాన్‌లో ఉద్యోగం చేసే రోజుల్లో ఒక ఆదివారం పాత కార్లవాళ్లు కలిసిన చోట ఒక పెద్దాయన నన్ను పక్కన కూర్చోబెట్టుకుని తిప్పాడు. నా మోకాళ్లు డాష్‌బోర్డుకి తగులుతున్నాయి, మాట్లాడాలంటే అరవాల్సి వస్తోంది, ఆయన మాత్రం మలుపు వచ్చినా బ్రేక్ తొక్కకుండా గేర్ దించి ఎక్సలేటర్ నొక్కేస్తున్నాడు. స్టిక్కర్ అలా లాగదు. ఒప్పుకోవాల్సింది ఒకటుంది, 1971లోనే అబార్త్‌ని ఫియట్ కొనేసింది కాబట్టి ఇది కార్లో అబార్త్ పాత వర్క్‌షాపులో ఒక్కొక్కటిగా చేత్తో తయారైన కారు కాదు. అయితే ఏంటి? 1977 నుంచి 1984 వరకు ఈ ఒక్క కారుతోనే ఇటలీలో ర్యాలీ ట్రోఫీ నడిచింది, అత్తిలియో బెత్తెగా లాంటి డ్రైవర్లు అక్కడి నుంచే పైకొచ్చారు.

ఎవరూ కొనలేదన్నదానికి పెద్ద జవాబు అక్కర్లేదు. 1986లో ఆపేసేలోపు అన్ని రకాలూ కలిపి పన్నెండున్నర లక్షల ఎ112లు తయారయ్యాయి, అందులో అబార్త్‌లే లక్షకు పైగా. 1970 యూరప్ కార్ ఆఫ్ ద ఇయర్‌లో ఇది రెండో స్థానం, మొదటి స్థానం ఫియట్ 128ది. ఆ 128లోనూ ప్రిములా అమరికే!

తుప్పు? అది నిజం. నన్ను తిప్పిన పెద్దాయన కూడా కారు దిగగానే చేసిన మొదటి పని కార్పెట్ ఎత్తి, ఫ్లోర్ మీద తను వేయించిన అతుకులు ఒక్కొక్కటే చూపించడం. నాలుగో అతుకు దగ్గర లెక్కపెట్టడం మానేశాను.