దిక్కులు తెలియడం పుట్టుకతో వచ్చేది కాదు
దారులు గుర్తుపట్టే తెలివి పుట్టుకతోనే రావాలని, లేనివాళ్లకు ఇక రాదని నేను చదివిన ఒక వ్యాసంలో రాశారు. నేను ఒప్పుకోను. మాది విజయవాడ వన్‌టౌన్. చిన్నప్పుడు మా నాన్న నన్ను సైకిల్ మీద గవర్నర్‌పేట దాకా తీసుకెళ్లి, "కొండ ఎటుంది, కృష్ణ ఎటుంది? ఇక ఇంటికి దారి నువ్వే చెప్పు" అనేవారు. ఇంద్రకీలాద్రి పడమర, ఏరు దక్షిణం. ఏలూరు కాలవకీ బందరు కాలవకీ తేడా తెలియక చాలాసార్లు తప్పు చెప్పాను. వెంటనే దిద్దేవారు కాదు, నేను చెప్పిన దారిలోనే కొంత దూరం తొక్కేవారు. నాకు అలాగే వచ్చింది. 38 దేశాల్లో దాదాపు 4 లక్షల మందితో ఫోన్ గేమ్ ఆడించి చేసిన పరిశోధన 2022లో నేచర్ పత్రికలో వచ్చింది. నగరాల్లో, ముఖ్యంగా గళ్లు గీసినట్టుండే వీధుల్లో పెరిగినవాళ్ల కంటే నగరాల బయట పెరిగినవాళ్లు దారి బాగా కనుక్కున్నారని అందులో తేలింది. అంటే పెరిగిన చోటు కూడా నేర్పుతుందన్నమాట. ఇలాంటివి తెలుగులో జనానికి చెప్పే బాధ్యత ఎవరు తీసుకుంటారు? శాస్త్రీయ దృక్పథం పెంచుకోవడం పౌరుల విధి అని రాజ్యాంగంలో 51ఎ అధికరణం చెబుతోంది. విషయం మన భాషలో అందకపోతే సామాన్యుడు దాన్ని ఎలా పెంచుకుంటాడు? ఏడో తరగతి చదివే మా పాపకు మ్యాప్ లేకుండా బీసెంట్ రోడ్డు నుంచి ఇంటికి రావాలంటే టెన్షన్. ఈ ఆదివారం ఫోన్ ఇంట్లో పెట్టి ఇద్దరం నడిచే వస్తాం.