ఫొటోలో చెవుడు కనపడుతుందా?

ఈ వారంలో ఇదే మెసేజ్ నాకు ఆరోసారి. మా టెన్త్ బ్యాచ్ గ్రూపులో రెండుసార్లు, మా బావమరిది నుంచి ఒకసారి, మిగతావి ఎవరెవరి నుంచో. "మన పన్నుల డబ్బు తింటున్న దొంగ పింఛనుదారుల్ని పట్టివ్వండి, పదిమందికి పంపండి" అని మొదలవుతుంది. పంపినవాళ్లలో ఒక్కడూ చివరిదాకా చదివినట్టు లేదు. నేను చదివాను, నా ఖర్మ.

"బైకు, ఏసీ ఉన్నవాళ్లు అనర్హులు" అట. మన ఆంధ్రలో చూసేది నాలుగు చక్రాల బండి. అందులోనూ ట్యాక్సీకి, ట్రాక్టరుకి మినహాయింపు ఉంది. ఏసీ జోలికి ఎవరూ రారు, కరెంటు నెలకు 300 యూనిట్లు దాటితే వస్తారు.

"ఒకే ఇంట్లో రెండు పింఛన్లుంటే మోసం." నానమ్మకు వృద్ధాప్య పింఛను, మనవడికి దివ్యాంగుల పింఛను ఉండొచ్చు. పదండి ముందుకు.

"పట్టిస్తే పది శాతం బహుమతి." జీవో నంబరు అడిగాను, చేతులు జోడించిన బొమ్మ వచ్చింది. బేనామీ ఆస్తుల సమాచారానికి ఆదాయపు పన్ను శాఖ బహుమతి ఇస్తుంది, అది తెచ్చి దీనికి అతికించారేమో. కోట్ల ఆస్తి ఎక్కడ, ముసలమ్మ పింఛను ఎక్కడ!

"మీ పేరు బయటికి రాదు, మీకే ఇబ్బందీ లేదు." అబద్ధమని తెలిసీ ఒకరిని ఇరికించడానికి అధికారికి సమాచారమిస్తే భారతీయ న్యాయ సంహిత 217వ సెక్షన్ ఉంది, ఏడాది దాకా జైలు. గట్టు తగాదా వచ్చినప్పుడల్లా అవతలివాడి మీద అర్జీ పడేసే ఊళ్లు మనవి. ఈ మాట మెసేజ్‌లో ఎందుకు లేదో మరి.

ఇక అసలు విషం ఇది: "చూడ్డానికి బాగున్నవాడు వికలాంగుడెలా అవుతాడు? ఫొటో తీసి గ్రూపులో పెట్టండి." మా గ్రూపులో వెంటనే పెట్టారు కూడా. బస్టాండులో టీ తాగుతున్న కుర్రాడు, పక్కన బైకు. కింద రాత: "వీడికి నెలకు 6,000 ఎందుకు?" ఆ కుర్రాడికి పుట్టుచెవుడు. ఫొటోలో చెవుడు ఎలా కనపడుతుందిరా నాయనా? చెవిలోంచి బోర్డు వేలాడాలా? 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టంలో 21 రకాల వైకల్యాలున్నాయి. తలసేమియా ఉన్న పిల్లాడు మీ ముందే పరుగెత్తుతాడు, కొన్ని వారాలకోసారి రక్తం ఎక్కించుకుంటేనే. మందబుద్ధి ఉన్నవాడు మీకన్నా బలంగా ఉండొచ్చు. ఇవన్నీ తేల్చడానికి వైకల్య సర్టిఫికెట్లిచ్చే సదరం క్యాంపులో డాక్టర్లకు పరికరాలు కావాలి. మనవాళ్లకు మాత్రం టీకొట్టు దగ్గర సెల్‌ఫోన్ చాలు!

అదే చట్టంలో 92వ సెక్షన్ కూడా చదవండి. నలుగురూ చూసేచోట దివ్యాంగుణ్ణి కావాలని అవమానిస్తే తక్కువలో తక్కువ ఆరు నెలలు, ఎక్కువైతే ఐదేళ్లు. రెండొందల మంది ఉన్న గ్రూపు "నలుగురూ చూసేచోటు" కాదని వాదించడానికి లాయరు ఫీజు పది శాతం బహుమతిలోంచి కట్టుకోండి.

అయితే ఒక మాట ఒప్పుకోవాలి. "తెలిసీ ఊరుకున్నవాడూ దొంగే" అన్న వాక్యం నాకే గుచ్చుకుంది. మా వీధిలో ఒకాయన చెవుడు సర్టిఫికెట్ మీద పింఛను తీసుకుంటున్నాడు. ఫోను మొదటి రింగుకే ఎత్తుతాడు, పక్కింట్లో గొడవ మాట పొల్లుపోకుండా మనకు అప్పజెబుతాడు. రోజూ మొహాలు చూసుకోవాల్సినవాళ్లమని మూడేళ్లుగా నోరు మూసుకున్నాను. దొంగ సర్టిఫికెట్లు లేవని నేననను. ఉన్నాయి. అలా పింఛను తినేవాడికి ఆ చట్టంలోనే 91వ సెక్షన్ కింద రెండేళ్ల దాకా జైలు, లేదా లక్ష దాకా జరిమానా, లేదా రెండూ.

మొన్న సోమవారం కలెక్టరేట్ గ్రీవెన్స్‌లో నా పేరుతోనే అర్జీ ఇచ్చాను. ఆయన దొంగ అని రాయలేదు, మళ్లీ బెరా పరీక్ష చేయించమని రాశాను. తలకు తీగలు అంటించి శబ్దం వినిపిస్తే మెదడు స్పందిస్తుందో లేదో అదే చెబుతుంది, నటన సాగదు. నా అనుమానం తప్పైతే ఆయన పింఛను ఆయనకే ఉంటుంది, వీధిలో పరువూ ఉంటుంది.

ఆ కుర్రాడి ఫొటో మాత్రం ఇంకా గ్రూపులోనే ఉంది. ఒరేయ్ అడ్మినూ, ముందు అది తీసెయ్.