టేపు పట్టుకున్న పాపానికి

గోదావరి జిల్లాల రైలు చరిత్ర అనగానే అందరూ రాజమండ్రి హేవలాక్ వంతెన ఎక్కేస్తారు. 1900లో తెరిచిన వంతెన, 56 స్పాన్లు, పొద్దుగుంకే వేళ ఒక ఫొటో. సగం పుస్తకం అక్కడే నిండిపోతుంది. నాకు మాత్రం కాకినాడ–కోటిపల్లి లైను మీద మనసు పడింది. 1928లో వేశారు, పొగబండి నడిపారు, 1940లో యుద్ధానికి ఇనుము కావాలని పట్టాలు పీక్కుపోయారు. మళ్లీ ఆ దారిన బండి కూత వినపడేసరికి 2004 వచ్చింది. అరవై నాలుగేళ్లు! ఇంత కథ ఉన్న లైను మీద చిన్న పుస్తకమైనా వేద్దామని కాకినాడలో ఒక ప్రెస్సుకి అడ్వాన్సు ఇచ్చాను.

కాగితాల సంగతి క్లుప్తంగా చెప్పేస్తాను, ఎక్కువ చెబితే బీపీ పెరుగుతుంది. ఆ రోజుల్లో ఇటు బండ్లు నడిపిన మద్రాస్ అండ్ సదరన్ మరాఠా కంపెనీని 1944లో సర్కారు తీసుకుంది. 1951లో అది దక్షిణ రైల్వేలో కలిసింది. 1966లో మన వైపు లైన్లు దక్షిణ మధ్య రైల్వేకి వచ్చాయి. బీరువాలు ఇన్ని చేతులు మారాక లోపల ఏం మిగిలిందో దేవుడికే ఎరుక. ఒక ఆఫీసుకి ఉత్తరాలు రాశాను, ఉలుకూ పలుకూ లేదు. సమాచార హక్కు కింద అడిగితే ‘కోరిన రికార్డు లభ్యం కాలేదు’ అని ఒక్క ముక్క వచ్చింది.

కాగితం లేకపోతే ఇటుకైనా దొరక్కపోతుందా అని బయల్దేరాను. పొగబండికి బొగ్గెంత ముఖ్యమో నీళ్లూ అంతే. బాయిలర్లో నీళ్లు తగ్గాయంటే ఇంజనుకే ముప్పు. కాబట్టి లైను కొస దగ్గర్లో నీళ్ల ట్యాంకు ఉండి తీరాలి, దాని దిమ్మ ఎక్కడో మిగిలుండాలి అని నా లెక్క. కోటిపల్లికి ఇవతల ఒక ఊళ్లో, పేరు చెప్పను, కొబ్బరితోటలో గుండ్రటి ఇటుక దిమ్మ ఉందని ఎవరో చెప్పారు.

ఉంది. మోకాలెత్తున ఉంది. ఇటుకలు ఇప్పటి వాటికన్నా పల్చన, మధ్యలో సున్నం గార. ఒక పక్క రావిమొక్క మొలిచి చీల్చేసింది. పైన ఎవరివో పిడకలు వరసగా ఆరేసి ఉన్నాయి. అది ట్యాంకు దిమ్మో, పాతకాలంలో ఇల్లు కట్టుకుంటూ ఎవరైనా వేసుకున్న సున్నపు గానుగో తేలాలి. గానుగైతే రాయి తిరిగే గాడి ఉంటుంది. ఆ గాడి చూడాలంటే పిడకలు తియ్యాలి. ముక్కూమొహం తెలియని వాళ్ల పిడకల మీద చెయ్యి వేస్తే ఏమవుతుందో గోదావరి జిల్లాలో పుట్టినవాడికి చెప్పక్కర్లేదు. అందుకని ముందు ఇప్పటి పట్టాల నుంచి దిమ్మ దాకా ఎంత దూరముందో కొలుద్దామని టేపు తీశాను. ఒక కొస నా దగ్గర, రెండో కొస మా బామ్మర్ది దగ్గర. చినుకులు పడుతున్నాయని వాడు నారింజ రంగు రెయిన్‌కోటు తొడుక్కున్నాడు. అదొక్కటి చాలదా?

“రైల్వేవోళ్లాండీ?” అని లుంగీ పైకి కట్టుకున్న ఒకాయన అడిగాడు.

“ఆయ్, రైల్వే గురించేనండి” అన్నాను. అందులో ‘గురించి’ గాల్లో కలిసిపోయింది. ‘రైల్వే’ మాత్రం ఊళ్లోకి వెళ్లి జనాన్ని వెంటబెట్టుకొచ్చింది.

వాళ్లననడానికీ లేదు. కోటిపల్లి నుంచి అమలాపురం మీదుగా నరసాపురానికి లైను 2000–01 బడ్జెట్లో, బాలయోగిగారు లోక్‌సభ స్పీకరుగా ఉన్నప్పుడు మంజూరైంది. గౌతమి, వైనతేయ, వశిష్ఠ, మూడు పాయలు దాటాలి. అప్పట్నుంచీ ఎదురుచూపులే. టేపు కనబడితే గుండె గుబేలుమనదూ?

“కొత్త లైను ఏటికి అవతలండీ” అని చెప్పి చూశాను.

“అవతలికెళ్లాలంటే ఇవతల్నించే కదండీ వెళ్లాలి” అన్నాడాయన. దీనికి నా దగ్గర సమాధానం లేదు.

ఈలోగా కొబ్బరిబోండాలు దిగాయి. పట్టాదారు పాస్‌బుక్కులు దిగాయి. ఒకాయన చెట్టుకి ఎంతిస్తారని అడిగాడు. కాసే చెట్టుకో రేటు, ముసలి చెట్టుకో రేటు అయితే ఒప్పుకోనని కూడా ముందే చెప్పేశాడు. ఇంకొకాయన మర్యాదగా, “తవరు దయుంచి ఓ పది గజాలు అటు జరిపితే మా తమ్ముడి చేలోంచి పోతాదండీ” అంటూ బామ్మర్ది చేతిలో టేపు కొస లాక్కుని తనే అటు నడిచాడు. ఆ తమ్ముడు అక్కడే ఉన్నాడు. వాడు టేపు మధ్యలో పట్టుకుని ఇటు లాగాడు. అన్నదమ్ముల మధ్య ఎన్నేళ్ల గట్టు తగాదా ఉందో, మొత్తం నా టేపు మీదికొచ్చింది. ఎవరికి వారు ‘ఆఫీసరుగారు చూస్తున్నారు’ అంటూ నాకేసి చూస్తున్నారు. మా బామ్మర్ది మాత్రం రెండో బోండాం తాగుతున్నాడు.

సరిగ్గా అప్పుడే కర్ర పోటేసుకుంటూ ఒక తాత వచ్చాడు. తొంభై దాటుంటాయి. దిమ్మకేసి కర్ర చూపించి, “నా చిన్నప్పుడు బండి ఇక్కడే ఆగి...” అన్నాడు. నా ఒళ్లు ఝల్లుమంది. ఆ లైను చూసిన మనిషి! నోట్‌బుక్ తీసేలోపు లుంగీ ఆయన, “తాతా, నువ్వుండెహె, అవతల కొలతలేసుకుంటన్నారు” అని ఆయన్ని రెక్క పట్టుకుని ఇంటికి నడిపించేశాడు. “ఆయన్ని ఉండనివ్వండి బాబూ!” అని అరిచాను. “ఆయన పేరు మీద సెంటు భూమి కూడా లేదండీ” అన్నారు ఎవరో.

బండి ఆగి ఏం చేసేది? నీళ్లు పట్టేదా, ఊరికే ఆగేదా? రాత్రంతా నిద్ర పట్టలేదు.

ఈ పొద్దున్న పేపరు జిల్లా పేజీలో ‘జోరందుకున్న రైల్వే సర్వే’. నేను టేపు పట్టుకుని, నా వెనక నారింజ రెయిన్‌కోట్లో బామ్మర్ది ఎటో వేలు చూపిస్తూ ఫొటో. ఆ విలేకరి నా పేరైనా అడగలేదు, ‘పనుల్లో నిమగ్నమైన అధికారులు’ అని రాసేశాడు. “రిటైరయ్యాక ప్రమోషనా?” అంది మా ఆవిడ. ప్రెస్సాయన ఫోన్ చేసి ఫొటో కవరు పేజీకి బావుంటుందన్నాడు.

పదింటికి మరో ఫోన్. నా ఉత్తరాలకు ఉలకని ఆ ఆఫీసే. ఎవరి అనుమతితో కొలిచారని గట్టిగా అడిగారు. పుస్తకం సంగతి, 1928 సంగతి అంతా చెప్పాను. అవతల కాసేపు మాట లేదు.

“అయితే ఆ పాత లైను కాగితాలు మీ దగ్గర ఉన్నాయన్నమాట?”

“ఏవో కొన్ని, నేను కూడబెట్టుకున్నవండి.”

“మా దగ్గర లేవు. వివరణ రాసి, వాటిని కూడా జత చేసి రెండు సెట్లు పంపండి. గెజిటెడ్ ఆఫీసరు సంతకం ఉండాలి.”