మహారాజశ్రీ నూరు సీసీ బండి గారికి

మహారాజశ్రీ నూరు సీసీ బండి గారి సముఖానికి, తమ ఓనర్లందరూ కలిసి రాసుకున్న విన్నపం.

ఉభయకుశలోపరి. తమరు కుశలంగానే ఉన్నారని మాకు తెలుసు. మా బాధంతా అదే.

మొదట తమ పేరు సంగతి. నూరు అని పిలిపించుకుంటారు, లోపల ఉన్నది 97.2. సిలిండర్ బోరు, అంటే లోపలి వెడల్పు, 50 మిల్లీమీటర్లు, పిస్టన్ నడిచే దూరం 49.5. ఎటు గుణించినా నూరు రాదు. ఈ దొంగలెక్కతోనే 1985లో హీరో హోండా సీడీ 100 అని దిగారు, 1994లో స్ప్లెండర్ అని కొత్త బట్టలు కట్టుకుని పెళ్ళి లాంఛనాల జాబితాలో అల్లుడిగారి ఉంగరం పక్కన కూర్చున్నారు. తీరా చూస్తే ఎనిమిది గుర్రాల బలం. 350 సీసీ బండి కొన్నవాడికి ఎంత మర్యాద! 195 కిలోల బండిని సందులోంచి వెనక్కి లాగడానికి ఇంకో మనిషి కావాలి, వాకిట్లో ముగ్గేసేవాళ్ళు కూడా లేచి నిలబడి చూస్తారు. తమరు 112 కిలోలు. ఒక చెయ్యి హ్యాండిల్ మీద, ఒక చెయ్యి వెనక క్యారియర్ మీద వేసి కాలితో నొక్కితే చాలు, సెంటర్ స్టాండు ఎక్కేస్తారు. ఎవరు చూస్తారు?

పోనీ వేగమా? ఊళ్ళో మోటార్ సైకిల్‌కి చట్టం ఒప్పుకునేది 60. తమకున్న నాలుగు గేర్లూ వేస్తేగానీ అక్కడికి హాయిగా చేరరు. కొన్న బలం కొన్నట్టు రోజూ ఖర్చయిపోయే దౌర్భాగ్యం తమ ఓనరుది. పెద్ద బండివాడు రెండో గేరులోనే చలానా తెచ్చుకుని, మిగతా గేర్లు పండక్కి దాచుకుంటాడు.

తిరుమల ఘాట్‌లో ఇద్దరితో ఎక్కేటప్పుడు మూడో గేరులో తమ గొంతు పట్టేస్తుంది. రెండులోకి దించి ఓపిగ్గా పోవాలి. ఓపిక లేని భక్తులు మూడులోనే హాఫ్ క్లచ్ పట్టి లాగిస్తారు. పైకి వెళ్ళేసరికి కర్పూరం వాసన కంటే ముందు క్లచ్ ప్లేట్లు మాడిన వాసన తగులుతుంది. దిగేటప్పుడు ఇంకో ఘనకార్యం. చెంచాడు పెట్రోలు మిగులుతుందని ఇంజన్ ఆపేసి న్యూట్రల్‌లో జారతారు. ఉన్నవి డ్రమ్ము బ్రేకులు, నాలుగు మలుపులు తిరిగేసరికి వేడెక్కి పట్టు వదులుతాయి. ఎక్కిన గేరులోనే దిగితే సగం బరువు ఇంజనే ఆపుతుంది. మీ చిన్న ఇంజన్‌కి అంత పెద్దమనసు ఉందని ఎవరూ నమ్మరు.

ఇక మెకానిక్ పొట్ట కొట్టడం. ఆయిల్ మార్పించడానికి వెళ్దామంటే, 17 నంబరు స్పానరుతో కింద బోల్టు విప్పి పళ్ళెం పెడితే పని అయిపోయె. నిండా లీటరు కూడా పట్టదు, డబ్బా అడుగున మిగిలింది గేటు కీళ్ళకు పోసుకోవాలి. ఒక్క కిటుకు మాత్రం దాచిపెట్టారు. ఆయిల్ కొలిచే పుల్ల తుడిచి చూసేటప్పుడు దాని మర బిగించకూడదు, ఊరికే ఆనించి తీయాలి. బిగిస్తే పుల్ల లోతుకు దిగి, లేని ఆయిల్ ఉన్నట్టు చూపిస్తుంది. ఉన్నదే ముప్పాతిక లీటరంత, అందులో పావు లీటరు తరిగితే మూడో వంతు పోయినట్టే. ముందు ఎండేది పైన హెడ్డులో వాల్వులు తెరిచే క్యామ్ షాఫ్టు. అక్కడ టకటక మొదలైతే తమ ఓనరు ఏం చేస్తాడు? హారన్ ఎక్కువ కొడతాడు. పిస్టన్ రింగులు అరిగి నీలం పొగ వచ్చాక, సిలిండర్ లోపల చెక్కించే బోరుకి తెస్తాడు. అప్పుడైనా చచ్చారా అంటే, పావు మిల్లీమీటరు పెద్ద పిస్టన్ వేయించుకుని మళ్ళీ పాలక్యాన్లు మోస్తారు. తర్వాత అర, ముప్పావు, ఒకటి. అవతారాలు కూడా వరసగా ఉన్నాయి తమకు.

చైన్ సంగతి ఇంకా అవమానం. పెద్ద బండి చైన్‌కి స్ప్రేలు, బ్రష్షులు, వీడియోలు. తమ చైన్ మాత్రం కవరు లోపల ఘోషాలో ఉంటుంది. కవరు మీద బొడ్డులాంటి రబ్బరు మూత ఉంటుంది. అది తీసి, వేలు పెట్టి పైకీ కిందికీ కదిపితే రెండున్నర, మూడు సెంటీమీటర్లు ఆడాలి. ఎక్కువ ఆడితే ఇరుసు నట్టు వదులు చేసి, రెండు పక్కల గీతలు సమానంగా ఉండేట్టు అడ్జస్టర్లు తిప్పాలి. గీతలు తేడా వస్తే చక్రం వంకరగా కూర్చుని టైరు ఒక పక్కే అరుగుతుంది. అక్కడితో అయిందనుకుని బయల్దేరితే తమ అసలు గుణం తెలుస్తుంది. చక్రం వెనక్కి జరగ్గానే బ్రేకు రాడ్ బిగుసుకుంటుంది. దాని నట్టు కూడా రెండు చుట్లు వదలకపోతే లైనర్లు డ్రమ్ముని రాసుకుంటూ, మైలేజీ తింటూ పోతాయి. ఆ నట్టుకి స్పానరు కూడా అక్కర్లేదు, చేత్తో తిరుగుతుంది. ఇంత సులువైతే మనిషికి గౌరవం ఎలా మిగులుతుంది?

పెట్రోలు బంకు వాళ్ళకి తమరంటే ఎంత చులకనో! వందకి పోయమంటే గొట్టం ఇటు పెట్టి అటు తీసేస్తారు. బండి మధ్యలో ఆగిపోతే ట్యాంకు కింది పెట్రోలు కుళాయి రిజర్వుకి తిప్పడం, అదీ అయిపోతే ఎడమపక్కకి వంచడం. ట్యాంకు ఫ్రేము పైపు మీద గుర్రపు జీనులా కూర్చుంటుంది కదా, కుళాయి లేని కుడి చెంపలో గుక్కెడు పెట్రోలు మిగిలే ఉంటుంది. వంచితే గళగళమంటూ ఇటు దాటుతుంది. ఆ గుక్కెడుతో బంకు దాకా పోవచ్చు. నడిరోడ్డు మీద బండిని పడుకోబెట్టే దృశ్యం చూసి పిల్లలు నవ్వుతారు, పెద్దవాళ్ళు తాము ఎన్నిసార్లు పడుకోబెట్టారో లెక్కేసుకుంటారు.

2020 ఏప్రిల్‌లో బీఎస్ 6 పొగ నిబంధనలు వచ్చాక తమరూ చదువుకున్నారు. కార్బ్యురేటర్ పోయి ఇంజెక్షన్ వచ్చింది. చోక్ పోయింది, కుళాయి పోయింది. బ్యాటరీ పూర్తిగా చచ్చిపోతే ఎన్ని కిక్కులు కొట్టినా పంపు కదలదు, బండి పలకదు. మొదటిసారి తమరంటే మాకు కాస్త భయం వేసింది. ఇలాగే పట్టుదలగా కృషి చేస్తే 350 గారంత గొప్పవారవుతారు.

పాతవాళ్ళతోనే చిక్కు. పదిహేనేళ్ళు నిండితే ఆర్సీ గడువు తీరుతుంది, ఇక వదిలిపోతారనుకుంటాం. ఆర్టీఓ ఆఫీసుకి తోలుకెళ్తే ఇంకో ఐదేళ్ళు రాయించుకుని, సైలెన్సర్ మీద తుప్పుతో, నంబరు ప్లేటు మీద అమ్మానాన్నల దీవెనతో తిరిగొస్తారు.

ఇట్లు,
తమవల్ల గొప్పవాళ్ళం కాలేకపోయిన తమ ఓనర్లు

తా.క.: బంకులో పోయించాక కుళాయి ఇంకా రిజర్వులోనే ఉంది. ఆన్‌కి తిప్పమని కాస్త గుర్తు చేయండి. ఈసారి వంచినా రాదు.