బామ్మర్ది లావు టైరు

మా బామ్మర్ది తన బండికి లావు టైరు వేయించాడు. ఇదీ ఒక విషయమేనా అనుకునేవాళ్లు ఇక్కడే ఆపి పోయి చాయ్ తాగండి. ఇంట్లో ఇలాంటి బామ్మర్దో తమ్ముడో మేనల్లుడో ఒకడున్నవాళ్లు మాత్రం కూర్చోండి, మీ బాధ నాకు తెలుసు.

బండి 150 సీసీ. వెనక చక్రానికి కంపెనీ ఇచ్చిన టైరు 100/90-17. వంద అంటే వెడల్పు, మిల్లీమీటర్లలో. తొంభై అంటే ఆ వెడల్పులో తొంభై శాతం ఎత్తు. పదిహేడు అంటే రిమ్ ఎన్ని అంగుళాలో. బండి బరువు, ఇంజన్ బలం, బ్రేకు, చెయిన్ పక్కన ఉన్న చోటు అన్నీ చూసుకుని పెట్టిన సైజు అది. మావాడు దాన్ని పది సెకన్లు చూసి కొట్టేశాడు. "గింత సన్నగుంటే ఎట్ల బావా, ఎండిన బెండకాయ లెక్కుంది" అన్నాడు. వాడికి 140 కావాలట. ఎందుకురా అంటే, మా నల్గొండ గడియారం సెంటర్ దగ్గర బండి ఆపినప్పుడు వెనక ఆగినోడు చూడాలట. టైరు సైజును వెనక ఆగినోడి కళ్లు చూసి ఖాయం చేస్తారని నాకు ఆ రోజు వరకూ తెలియదు.

సరే, ఒక ఆదివారం హైదరాబాద్ రోడ్డులో ఒక టైర్ల షాపుకు పోయాం. నేను, వాడు, వాడి దోస్తులు నలుగురు. వీడి పెళ్లిచూపులకు ముగ్గురమే పోయాం, అక్కడ పావుగంటలో పని అయిపోయింది. ఇక్కడ గంటన్నర. ఒకడు బొటనవేలి గోరుతో రబ్బరును గుచ్చి "సాఫ్ట్ ఉంది మామా" అన్నాడు. ఇంకొకడు పుచ్చకాయను కొట్టి చూసినట్టు టైరును కొట్టి, చెవి దగ్గర పెట్టి విన్నాడు. ఏం వినిపించిందో చెప్పలేదు గానీ తల మాత్రం ఊపాడు. మూడోవాడు వాసన చూశాడు. నాలుగోవాడు ఏమీ అనకుండా ఫోటోలు తీసుకున్నాడు, ఆ గుంపులో నాకు నచ్చినవాడు వాడొక్కడే. మావాడు టైరును నిలబెట్టి నాలుగడుగులు వెనక్కి పోయి, తల ఒక పక్కకు వంచి చూసి, మళ్లీ దగ్గరికొచ్చి తిప్పించి, ఇంకోసారి వెనక్కి పోయాడు. పిల్లను నడిపించి చూసే పాత కాలపు పెళ్లిపెద్దలు గుర్తొచ్చారు నాకు.

ఇంతసేపట్లో టైరు మీద రాసింది ఒక్కడూ చదవలేదు. అన్నీ ఆ పక్క అంచు మీదే ఉంటాయి. సైజు పక్కన 55పి అని ఉంటే, 55 అంటే ఆ టైరు మోయగలిగే బరువు 218 కిలోలు, పి అంటే గంటకు 150 కిలోమీటర్ల వరకు తట్టుకుంటుందని. ఎటు తిరగాలో చెప్పే బాణం ఉంటుంది, ఐఎస్ఐ గుర్తు ఉంటుంది, ఏ వారంలో తయారైందో కూడా ఉంటుంది. పది రూపాయల చిప్స్ ప్యాకెట్ మీద డేటు వెతికేవాడు మూడున్నర వేల టైరు మీద మాత్రం వెతకడు.

నేను వంగి వెతికాను. చిన్న గుండ్రటి గడిలో నాలుగంకెలు, 2319. అంటే 2019లో 23వ వారం, జూన్ మొదట్లో. కరోనా కంటే ముందు పుట్టిన టైరు. లాక్‌డౌన్ చూసింది, మూడు వేవ్‌లు చూసింది, ఇప్పుడు మావాడి బండెక్కబోతోంది.

"అన్నా, ఇది 2019ది గదా?"

"అది మోడల్ నంబర్ సార్."

"మోడల్ నంబర్ కాదన్నా, తయారైన వారం."

"ఫ్యాక్టరీల మిషన్ నంబర్ సార్ అది."

"అన్నా..."

"సార్, పైన కవర్ గూడ తియ్యలే. లోపలంతా కొత్తదే."

టైరు లోపల ఉండేది గాలి. అది కొత్తదే, ఒప్పుకుంటాను.

రబ్బరును వాడకపోయినా ముసలిదవుతుంది. ఎండకూ గాలికీ గట్టిపడి, పక్కలు సన్నగా చీలుతాయి, రోడ్డును పట్టుకునే మెత్తదనం పోతుంది. మే నెలలో 44, 45 డిగ్రీలు కొట్టే ఊళ్లో టైర్లను షాపు ముందు ఎండకు తోరణాల్లా వేలాడదీస్తే ఏమవుతుందో వేరే చెప్పాలా? నేను ఈ ముక్క అంటుంటే వాసన చూసిన కుర్రాడు మావాడి చెవిలో అడిగాడు, "మీ బావ ఆర్టీఓ ఆఫీసుల చేస్తడారా?"

నా పోరు పడలేక వేరే టైరు తీశారు, డేటు పర్వాలేదు. కానీ సైజు 140 నుంచి దిగలేదు. 100/90 కోసం చేసిన రిమ్ రెండున్నర అంగుళాలకు అటూ ఇటూ ఉంటుంది, 140కి కనీసం మూడున్నర కావాలి. చిన్న రిమ్ మీద ఆ టైరును బలవంతంగా కూర్చోబెడితే రెండు అంచులూ లోపలికి నొక్కుకుని నడుమ గూనిలా పైకి లేస్తుంది, అప్పుడు నేలకు ఆనేది ఆ గూని మాత్రమే. అంటే వెడల్పు కోసం డబ్బులు పోసి, చివరికి బండిని సన్నటి గీత మీద నడపడం అన్నమాట. మలుపులో వంచితే బండి తిన్నగా వంగదు, ఒక్కసారిగా ఒరిగినట్టు అవుతుంది. చెప్పాను. "లుక్ చూడు బావా" అన్నాడు.

ఆ లుక్ కోసం ఏం చేశారో చూడండి. టైరు చెయిన్‌కు రాసుకుంది, చెయిన్ కవర్ పీకేశారు. మడ్‌గార్డ్‌కు తగిలింది, హ్యాక్సా బ్లేడుతో మడ్‌గార్డ్ కోశారు. కోసేటప్పుడు మెకానిక్ పిల్లాడు నా వైపు చూసి "కొద్దిగనే సార్" అన్నాడు, నేనేదో పిలగాడికి సూది వేయించడానికి వచ్చినట్టు. టైరు బండికి సరిపోలేదని తెలిశాక ఎవరైనా టైరు మారుస్తారు. వీళ్లు బండిని కోశారు.

పైగా నైట్రోజన్. మనం పీల్చే గాలిలో 78 శాతం నైట్రోజనే, పంక్చర్ షాపులో ఐదు రూపాయలకు కొట్టేదీ అదే గాలి. అయినా వాల్వ్‌కు ఆకుపచ్చ మూత ఉంటే మనిషికి ఒక ధీమా. మావాడు రెండు చక్రాలకూ పెట్టించాడు. గాలి ఎంత కొట్టాలన్నా అని పిల్లాడు అడిగితే, "ఫుల్ కొట్టు" అన్నాడు. ఎంత కొట్టాలో బండికి అంటించిన స్టిక్కర్ మీదే ఉంటుంది, ఒక్కడికి ఎంతో, ఇద్దరికి ఎంతో. మావాడు దాని మీద పులి బొమ్మ అంటించుకున్నాడు.

రెండు చక్రాలకూ అన్నాను కదా, ఆ రెండోది చూడండి. ముందు టైరు. చెర్వుగట్టు జాతరలో మొక్కు తీర్చుకొచ్చినట్టు నున్నగా గుండు. గాడి నడుమ చిన్న దిబ్బల్లా టీడబ్ల్యూఐ గుర్తులుంటాయి, రబ్బరు వాటి దాకా అరిగితే టైరు పని అయిపోయినట్టే. వీడి టైరు మీద గుర్తు ఏదో రబ్బరు ఏదో తెలియనంతగా కలిసిపోయాయి. "ముందుగాల ఇది మార్చురా" అన్నాను.

"ముందు టైరుకేం పనుంటది బావా? బండిని నూకేది వెనకది గదా."

నూకేది వెనకదే. ఆపేది? బ్రేకు కొట్టగానే బండి బరువంతా ముందుకొచ్చి ముందు చక్రం మీద పడుతుంది, ఆగేది ఎక్కువగా దాని మీదనే. మొత్తం బండీ, దాని మీది మనుషులూ రోడ్డును పట్టుకునేది రెండు అరచేతులంత చోటుతో, అందులో ఒక అరచేయి ఇలా నున్నగా ఉంది. ఏబీఎస్ ఉంది కదా బావా అంటాడు. ఉంది, 125 సీసీ దాటిన బండ్లకు 2019 ఏప్రిల్ నుంచి తప్పనిసరి. అది చక్రం బిగుసుకుపోకుండా బ్రేకును వదులుతూ పడుతూ ఉంటుంది, అంతే. ఉన్న పట్టును వాడుతుంది, లేని పట్టును తేదు. నీళ్లు లేని బోరులో ఐదు హెచ్‌పీ మోటరు దింపినట్టు. నల్గొండోళ్లకు ఇంతకంటే విడమరిచి చెప్పనక్కర్లేదు.

కొత్త టైరు మొదటి వంద, నూటయాభై కిలోమీటర్లు కొంచెం జారుతుంది, మెల్లగా పోనివ్వాలి. మావాడు షాపు మెట్లు దిగగానే బండిని మోకాలు నేలకు తగిలేలా వంచి తిప్పాడు. దోస్తులు ఈలలు వేశారు.

ఇంతవరకూ నవ్వుకున్నాను. ఆ మరుసటి వారం దేవరకొండలో ఫంక్షనని బయలుదేరారు. బండి వెనక వాడి భార్య, చీర కట్టుకుని ఒక పక్కకు కూర్చుంది. ఒళ్లో ఎనిమిది నెలల పాప. ఒక చేత్తో పాపను, ఇంకో చేత్తో సంచీని పట్టుకుంది, బండిని పట్టుకోవడానికి చేయి మిగల్లేదు. అప్పుడు యాసంగి కోతలు. కనగల్ దాటితే రోడ్డు సగం వడ్లే, చుట్టూ రాళ్లు పేర్చి. రైతును తిట్టి లాభం లేదు, ఆరబెట్టుకోవడానికి కల్లం లేకనే రోడ్డెక్కాడు. ఆ వడ్ల మీద మంచి టైరే నిలవదు, ఈ గుండు టైరు ఎంత? ఇసుక ట్రాక్టరు మలుపు తిరిగిన చోట పడే ఇసుక సంగతి వేరే.

టైరు కొనేటప్పుడు షాపులో ఆరుగురు మగవాళ్లం ఉన్నాం. ఆమెను ఎవడూ అడగలేదు. నేనూ అడగలేదు. పడితే రోడ్డు మీదికి ఎగిరి పడేది ఆమె, ఆ పాప. ఇంకో మాట, ఆ బండి వాడు కొన్నది కాదు. వాడికి పిల్లనిచ్చిన మామ బత్తాయి తోట మీద అప్పు తెచ్చి పెళ్లిలో పెట్టాడు. కట్నం బండి తీసుకోవడానికి సిగ్గు లేదు, దాన్ని కోయడానికి సిగ్గు లేదు, వెనక ఆగినోడు చూడాలని మూడున్నర వేలు పోసి, వెనక కూర్చున్న మనిషి కోసం ముందు చక్రానికి పద్దెనిమిది వందలు పెట్టమంటే "వచ్చే నెల చూద్దాం బావా" అంటాడు. వచ్చే నెల ఏంరా? పాపకు అప్పటికి తొమ్మిదో నెల వస్తదనా? ఇవన్నీ ఇలాగే అన్నాను, వాకిట్లో, అందరి ముందు. మా ఆవిడ నాతో రెండు రోజులు మాట్లాడలేదు, తమ్ముణ్ని అన్నానని.

ఆ పిల్ల మాత్రం ఒక్క మాట అనకుండా బండి దిగింది. బ్యాగులోంచి ఆధార్ కార్డు తీసి చూసుకుంది, పాపను ఎత్తుకుని బస్టాండు వైపు నడిచింది. 2023 డిసెంబర్ నుంచి ఆడవాళ్లకు బస్సు ఫ్రీ. మావాడు కొంతసేపు పులి బొమ్మను చూస్తూ నిలబడి, సంచీని ట్యాంకు మీద పెట్టుకుని బస్సు వెనకాలే పోయాడు.

గంట తర్వాత నాకు ఫోటో పంపాడు. కొండమల్లేపల్లిలో ఆగిన ఆర్టీసీ బస్సు వెనక భాగం, దగ్గర నుంచి తీశాడు. ఒక్కో వైపు రెండేసి టైర్లు, జంటగా. కింద రాశాడు, "లావంటే ఇట్లుండాలె బావా."