సవరణ: 2014 కాదు, 2018

మొన్న నెల్లూరు పార్టీ ఆఫీసు సంగతి రాస్తూ, స్వలింగ సంబంధాలు నేరం కాదని సుప్రీంకోర్టు 2014లో చెప్పిందన్నాను. అది తప్పు. 2014 ఏప్రిల్ 15 నాటి తీర్పు ట్రాన్స్‌జెండర్ల గుర్తింపు గురించి. స్వలింగ సంబంధాలను నేరంగా చూసిన సెక్షన్ 377 నుంచి గే వాళ్లకు ఊరట దొరికింది 2018 సెప్టెంబర్ 6న. మధ్యలో ఆ నాలుగేళ్లూ మావాళ్లు కేసు భయంతోనే బతికారు కాబట్టి ఇది చిన్న తేడా కాదు. క్షమించండి.

ఇంకోటి. గే అయితే కార్పొరేటర్‌గా నిలబడే హక్కే లేదన్న అర్థం వచ్చేలా రాశాను. అలాంటి చట్టం లేదు. మన కార్పొరేషన్‌లో 54 డివిజన్లున్నాయి, మిగతా అర్హతలుంటే నామినేషన్ వేయొచ్చు. అడ్డుపడేది పార్టీ టికెట్ ఖాయం చేసే బీఫారం దగ్గర.

మా తమ్ముడు పదేళ్లు జెండా మోశాడు. వాడు గే అని తెలిశాక పార్టీవాళ్లు మూలాపేటలో కట్టిన ఫ్లెక్సీలో వాడి ఫొటో మీద ఇంకొకరి మొహం అతికించారు. పక్కన వాడి చెవి అంచు కనిపిస్తూనే ఉంది. "పని చెయ్యి అబ్బయా, స్టేజీ మీదకి మాత్రం రాబాకు" అన్నారు. ఈ మాటను మాత్రం సవరించను, నేను పక్కనే ఉండి విన్నాను.