దగ్గు సిరప్‌లన్నీ ఒకటే కావు
"దగ్గు సిరప్‌లన్నీ దాదాపు ఒకటే, రోజుకు మూడుసార్లు చెంచాడు తాగితే చాలు" అని దగ్గు మందుల మీద వచ్చిన ఒక వ్యాసంలో రాసిన మాట ఒప్పుకోలేను. సీసా మీద ఏమేం కలిపారో చదవండి. డెక్స్ట్రోమెథార్ఫాన్, క్లోర్‌ఫెనిరమైన్ ఉంటే అది పొడిదగ్గుకు. ఆంబ్రాక్సాల్, గ్వాయిఫెనెసిన్, టెర్బుటలిన్ ఉంటే కఫం పట్టిన దగ్గుకు. కళ్లె పడుతున్నప్పుడు మొదటి రకం తాగితే దగ్గు అణిగిపోతుంది, కఫం మాత్రం లోపలే ఉండిపోతుంది. టెర్బుటలిన్‌తో కొందరికి చేతులు వణుకుతాయి, గుండెదడ వస్తుంది. క్లోర్‌ఫెనిరమైన్‌తో మగత కమ్ముతుంది, తాగాక బండి నడపకూడదు, మద్యం అసలే వద్దు. ముక్కుదిబ్బడ తగ్గించే ఫినైలెఫ్రిన్ ఉంటే బీపీ ఉన్నవాళ్లు డాక్టర్‌ని అడక్కుండా ముట్టుకోవద్దు. కొన్నిట్లో జ్వరం మాత్రల్లో వాడే పారాసెటమాల్ కూడా ఉంటుంది. అది చూసుకోకుండా పైన జ్వరం మాత్ర వేసుకుంటే మోతాదు దాటి కాలేయం మీద పడుతుంది. ఇక వంటింటి చెంచాలు ఒక్కోటీ ఒక్కో కొలత, సీసాతో వచ్చిన మూతలో 5 మి.లీ. గీత చూసి పోయాలి. పిల్లల విషయం వ్యాసంలో ఒక్క ముక్కా లేకపోవడం బాధ కలిగించింది. 2 ఏళ్లలోపు వారికి దగ్గు, జలుబు మందులు ఇవ్వొద్దని, 5 ఏళ్లలోపు వారికి సాధారణంగా వాడొద్దని 2025 అక్టోబరులో కేంద్రం స్పష్టంగా చెప్పింది. అన్న సీసాలో మిగిలింది చంటి తమ్ముడికి సగం చెంచా పోయడం కూడదు.